ఆయుష్ 45 నిమిషాల యోగా ప్రోటోకాల్: ఏడాది లక్ష్యానికి పనికొస్తుందా?

జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు మైదానాల్లో అందరూ కలిసి చేసే వరస ఇదే, కేంద్ర ఆయుష్ శాఖ రూపొందించింది. ఉచితం. ఏడాది పొడవునా ఇంట్లో చేయాలనుకునేవాళ్లకూ ఇది మంచి పునాది, కాకపోతే రోజూ 45 నిమిషాలు అని మొదలుపెడితే సంక్రాంతి వెళ్లేలోపే చాప అటకెక్కుతుంది. వారానికి 5 రోజులు అనుకోండి, ఏడాదికి 260 పూటలు. క్యాలెండర్‌లో టిక్కులు లెక్కపెట్టుకోవచ్చు. టైం లేని రోజు మెడ, నడుము, మోకాళ్ల కదలికలు, తాడాసనం (నిలబడి చేతులు పైకి చాచడం), భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ ఎత్తడం), నాడీశోధన (ముక్కు రంధ్రాలు మార్చి మార్చి శ్వాసించడం) చేస్తే 15 నిమిషాల్లో అయిపోతుంది. దాన్నీ ఒక పూటగానే రాసుకోండి.

వరస బాగా కుదిరింది: నిలబడి, కూర్చుని, బోర్లా, వెల్లకిలా, ఆపై ప్రాణాయామం, ధ్యానం. లోటల్లా వేగమే. బృందంతో పాటు చేస్తే వృక్షాసనంలో (ఒంటికాలి మీద నిలబడే ఆసనం) కుదురుకునేలోపే కాలు మార్చమంటారు. ఇంట్లో ఒక్కో కాలి మీద 5 శ్వాసలు నిలవండి. పాదాన్ని మోకాలి పక్కన ఆనించకండి, కీలు పక్కకి ఒత్తుకుంటుంది. తొడకి గానీ, అందకపోతే పిక్కకి గానీ ఆనించాలి. తూలిపోతుంటే చూపు అటూ ఇటూ పోతోందేమో చూసుకోండి.

కపాలభాతి (ఊపిరిని ముక్కుతో వేగంగా బయటికి కొట్టడం) 20 చొప్పున 3 విడతలు చాలు, అదీ ఖాళీ కడుపుతోనే. ఊపు పొట్ట నుంచి రావాలి. భుజాలు ఎగురుతుంటే తప్పు చేస్తున్నట్టే. బీపీ, హెర్నియా ఉన్నవాళ్లు దీన్ని వదిలేయాలి. జలుబు ఉంటే శీతలి (చుట్టిన నాలుక గుండా గాలి పీల్చే ప్రాణాయామం) వద్దు.

సూర్య నమస్కారాలు ఇందులో లేవు. చెమట పట్టాలంటే విడిగా చేర్చుకోవాల్సిందే.