కాన్సెప్ట్ మోడల్: కొన్ని పత్తి సీజన్లు వాడాక

హన్మకొండలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్. ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమిషన్ ఏజెంట్) దుకాణం, ఊరి బయట జిన్నింగ్ మిల్లు ఉన్న ఒక కుటుంబానికి బిల్లింగ్, స్టాకు ప్రోగ్రాం చేసిచ్చి, ఇప్పటికీ మేమే చూసుకుంటున్నాం. కోడ్ ముట్టుకునే ముందు కాన్సెప్ట్ మోడల్ వేయడం వాళ్ల దగ్గరే మొదలైంది. ఇన్ని సీజన్లు వాడినాక చెప్తున్నా, పనికొస్తుంది. బొమ్మ గీసినందుకు మాత్రం కాదు. ఎవరూ తీసుకోకుండా వదిలేసిన నిర్ణయాలను బయటికి లాగినందుకు.

వ్యాపారంలో వాడే ముఖ్యమైన మాటలేవి, ఒక్కోదానికి అర్థమేంటి, ఏది దేనితో ఎలా ముడిపడుతుంది, ఇవి రాసుకోవడమే కాన్సెప్ట్ మోడల్. ఒక్కో మాటకు ఒక పెట్టె, వాటిని కలిపే గీతలతో దీన్ని బొమ్మగా గీస్తాం. డేటాబేస్‌లో ఏ టేబుల్, ఏ కాలమ్ అన్న గొడవ ఇందులో ఉండదు. ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ 2008లో ఎస్‌బీవీఆర్ పేరుతో దీనికో ప్రమాణం కూడా తెచ్చింది. అందులోని రంగులు, గీతలు, వాలు అక్షరాల తంతు మేం పట్టించుకోలేదు. తీసుకున్నవి రెండే. ఒకటి, నిర్వచనం రాసే తీరు: ముందు ఆ వస్తువు ఏ కోవలోదో చెప్పాలి, తర్వాత ఆ కోవలో మిగతావాటికీ దీనికీ తేడా ఏంటో చెప్పాలి. రెండోది, ఒకే మాటను వేర్వేరు మనుషులు వేర్వేరు అర్థాల్లో వాడుకోవచ్చని ఒప్పుకోవడం.

ఆ రెండోది 'లాట్' దగ్గర అక్కరకొచ్చింది. యార్డులో లాట్ అంటే ఒక రైతు తెచ్చి దించిన సరుకు. దానికో నంబరు, దాని మీద వేలం. మిల్లులో లాట్ అంటే వంద బేళ్లు. బేలు అంటే నొక్కి కట్టిన దూది కట్ట, దాదాపు 170 కిలోలు. మోడల్‌లో రెండు పెట్టెలు, రెండు పేర్లు పెట్టాం: రాక లాట్, బేళ్ల లాట్. హమాలీలనూ మిల్లు సూపర్‌వైజర్‌నూ మాట మార్చుకోమనలేదు. స్క్రీన్ మీద పేరు మారింది, అంతే. సగం పూట పని.

'రైతు' అంత తేలిగ్గా తెగలేదు. పాత ప్రోగ్రాంలో రైతు పేరు అని ఒకే గడి. వచ్చేవాళ్లు మాత్రం రకరకాలు. పట్టా ఒకరిది, కౌలుకు చేసేది మరొకరు, ట్రాలీ వెంట వచ్చేది ఆయన బామ్మర్ది. దుకాణానికి కట్టాల్సిన బాకీ ఇంకెవరి పేరు మీదో ఉంటుంది. తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మినందుకు రైతుకిచ్చే బిల్లు, ఎవరి పేరున రాయాలి? గుమాస్తాను అడిగితే "వచ్చినాయన పేరే రాస్తం సార్" అన్నాడు. యజమానులైన అన్నదమ్ముల్లో పెద్దాయన "బాకీ ఉన్నోళ్ల పేరు రాయాలె" అన్నాడు. మిల్లు చూసుకునే చిన్నాయన పట్టాదారు పేరు కావాలన్నాడు.

చివరికి పట్టాదారు, సాగుదారు, సరుకు తెచ్చినవారు, డబ్బు పొందేవారు అని నాలుగు రాశాం. ఇవి నాలుగు రకాల మనుషులు కావు, ఒక మనిషి మోయగల నాలుగు పాత్రలు. నాలుగూ ఒక్కరే అయిన రోజు ఏ తగువూ లేదు. వేర్వేరు మనుషులైనప్పుడు బాకీ ఎవరి డబ్బులోంచి కోసుకోవాలి? దీనికి జవాబు ఏ డిక్షనరీలోనూ ఉండదు, యజమాని చెప్పాల్సిందే. ఇన్నేళ్లుగా గల్లాపెట్టె దగ్గర ఎవరుంటే వాళ్ల ఇష్టప్రకారం నడిచిందది. సాగుదారు బాకీ సాగుదారు సరుకు మీదే పట్టుకోవాలని అన్నదమ్ములు ఆ రోజు తేల్చారు. ఒక్క దీనికే మోడల్ ఖర్చు గిట్టిందంటాను.

తేమ కూడా ఇలాంటిదే. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్) లెక్క స్పష్టం: 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, ఆపైన 12 వరకు శాతానికింత చొప్పున ధరలో కోత, 12 దాటితే కొనరు. ప్రైవేటులో మాత్రం 'తరుగు' అంటే ఒకరు ధర తగ్గిస్తారు, ఒకరు తూకమే తగ్గిస్తారు. తూకం తగ్గిస్తే బిల్లులోని క్వింటాళ్లూ గోదాములోని క్వింటాళ్లూ కలవవు. ధర కోత, తూకం కోత అని విడగొట్టాక స్టాకు తేడాల టెన్షన్ చాలా తగ్గింది.

ఇక ఇబ్బందులు. బొమ్మను మా టీమ్ తప్ప ఎవరూ చదవలేదు. పెట్టె, గీత, పెట్టె వరసలో గీత మీద క్రియ రాస్తే ఇంగ్లిష్‌లో గడగడా చదివేస్తారు. మన క్రియ చివర వస్తుంది కాబట్టి "సాగుదారు తెస్తాడు లాట్" అని నాటకంలో డైలాగులా వినపడుతుంది. అందుకే బొమ్మ మా దగ్గరే ఉంచుకుని, వాళ్లకు మామూలు వాక్యాలే ఇచ్చాం: "ఒక రాక లాట్‌ను ఒకే సాగుదారు పండించి ఉండాలి." ఇలాంటివి చదివి వినిపిస్తే గుమాస్తా ఠక్కున పట్టుకుంటాడు: "ఇద్దరన్నదమ్ముల పత్తి ఒక్క ట్రాలీల రాదా?"

ఇంకో చిక్కు, దీన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కొత్త మాట వచ్చినప్పుడు రాయకపోతే రెండో సీజన్‌కే పాతబడుతుంది. దసరా దాటి పత్తి మొదలైతే ఈ ముచ్చటకు కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. అన్ని మాటలకూ నిర్వచనం రాయడమూ దండగే. బిల్లు, కాంటా, డ్రైవర్ లాంటివి వదిలేశాం. గొడవ వచ్చే మాటలు పాతిక ముప్పై ఉంటే ఎక్కువ.

ఇప్పుడు మిర్చికి వేస్తున్నాం. 'స్టాకు' దగ్గరే ఆగింది. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు రైతు పేరు మీద ఉంటాయి, వాటి మీద అడ్వాన్సు ఇచ్చింది అడ్తిదారు. దాన్ని మన స్టాకులో చూపించాలా వద్దా? పెద్దాయన చూపించాలంటాడు, చిన్నాయన వద్దంటాడు. యార్డు సెలవుల్లో కూర్చుందామన్నారు.