యెస్ మినిస్టరా, యెస్ ప్రైమ్ మినిస్టరా: ముందు ఏది చూడాలి?

‘యెస్ మినిస్టర్’ బ్రిటిష్ రాజకీయ హాస్య ధారావాహిక, బీబీసీలో 1980–84 మధ్య వచ్చింది: 3 సీజన్లు, 21 భాగాలు, చివర గంట నిడివి క్రిస్మస్ ప్రత్యేకం. ‘యెస్, ప్రైమ్ మినిస్టర్’ 1986–88 నాటిది. 2 సీజన్లు, 16 భాగాలు.

ఫైలు ఎలా ఆగుతుందో తెలియాలంటే మొదటిదే. జిమ్ హ్యాకర్ కొత్త మంత్రి. మంత్రులు మారినా కుర్చీ కదలని శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ. వద్దని ఎప్పుడూ అనడు. కమిటీ వేద్దామంటాడు, లేదా ‘చాలా ధైర్యమైన నిర్ణయం’ అని మెచ్చుకుంటాడు. ఆ మాటకు ఎన్నికల్లో ఓడిపోతామని అర్థం కాబట్టి హ్యాకర్‌కి చెమటలు పడతాయి. సిబ్బంది నిండా ఉండి రోగి ఒక్కడూ లేని ఆసుపత్రి భాగాన్ని మన సచివాలయం ఎరిగినవాళ్లు అస్సలు వదలకూడదు.

రెండోదాంట్లో హంఫ్రీ కేబినెట్ సెక్రటరీ, హ్యాకర్ ప్రధాని. విషయాలు పెద్దవి: అణ్వాయుధాలు, విదేశాంగం, బ్యాంకులు. హ్యాకర్ ముదిరాడు, కొన్నిసార్లు గెలుస్తాడు కూడా. పోటీ సమంగా ఉన్నా, శాఖ లోపలి గుట్టు పలచబడింది.

నేరుగా రెండోది మొదలుపెడితే హ్యాకర్ ప్రధాని ఎలా అయ్యాడో అంతుపట్టదు; ఆ కథ క్రిస్మస్ ప్రత్యేకంలో ఉంది. హంఫ్రీ వాక్యాలు గుక్కతిప్పుకోవు కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇంగ్లిష్ బరువనిపిస్తే, ఫరూఖ్ షేక్ మంత్రిగా 2001లో హిందీలో వచ్చిన ‘జీ మంత్రీజీ’ ఉంది.