నగుమోము, ఎవరబ్బ సొమ్మని: రెండూ రాముడికే, రెండూ తప్పుగానే విన్నాం

పెళ్లి మండపంలో సన్నాయి మీద 'నగుమోము' మొదలవగానే రాముడి నవ్వుముఖం మీద పాట అనుకుంటాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. కానీ పల్లవి 'నగుమోము గనలేని' అంటోంది, అంటే ఆ ముఖం చూడలేకపోతున్నాను, నా జాలి తెలిసి కాపాడరాదా అని త్యాగయ్య అడుగుతున్నాడు. చరణంలో ఇంకా బాధ: గరుత్మంతుడు నీ మాట విని బయలుదేరలేదా, ఆకాశం నుంచి భూమికి చాలా దూరమన్నాడా అని! ఎవరైనా రాకపోతే మనమూ ఇలాగే కారణాలు వెతుక్కుంటాం కదా.

రామదాసు 'ఎవరబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు' దీనికి పూర్తిగా తలకిందులు. చాలామంది దీన్ని దేవుణ్ణి తిట్టిన పాటగానే గుర్తుపెట్టుకుంటారు. సీతమ్మకు చింతాకు పతకం చేయించానని లెక్క చెప్పి మరీ నిలదీసిన మనిషి, కాసేపటికే, ఈ దెబ్బలు ఓర్వలేక తిట్టాను, ఆయాసపడకు అని బతిమాలుకుంటాడు. గోల్కొండ చెరసాలలో పడ్డ మనిషి గొంతు అది.

నాకైతే త్యాగయ్య పాటే ఎక్కువ అన్యాయమైపోయింది అనిపిస్తుంది. రామదాసు మాటలు చరణాలన్నీ వింటే వాటంతటవే అర్థమవుతాయి, ఇక్కడ మాత్రం రాగం అంత హాయిగా ఉండేసరికి 'గనలేని' అన్న మాట చెవిన పడదు.