నలుగురు ఆడే సాకర్‌లో మా పాపకి బంతి దొరికింది

టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉండే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఆగస్టులోనూ ఒకటే ప్రశ్న, ఆరేళ్ల పిల్లల్ని సాకర్‌లో ఎక్కడ చేర్పించాలి అని. మేం మా పాపని పోయిన ఫాల్‌లో ఇక్కడి రెక్ లీగ్ (సరదాగా ఆడుకునే పిల్లల లీగ్) ఒకదాంట్లో చేర్పించాం. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

మొదటి శనివారం గ్రౌండ్ చూసి, గుంటూరు నుంచి వచ్చి ఉన్న మా మామయ్యగారు "ఇదేంటమ్మా, గోల్‌కీపర్ ఏడీ, మిగతా పిల్లలేరీ?" అన్నారు. నిజమే, గ్రౌండ్‌లో ఒకేసారి టీమ్‌కి నలుగురే. గ్రౌండ్ పొడవు 30 గజాలు ఉంటుందేమో, గోల్ 4 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు. గోల్‌కీపర్ లేడు, ఆఫ్‌సైడ్ లేదు, బంతి కూడా చిన్నది, సైజు 3. స్కోరు ఎవరూ రాసుకోరు. ఇది ఈ లీగ్ వాళ్లు సొంతంగా పెట్టుకున్న పద్ధతి కాదు, ఇక్కడి జాతీయ సాకర్ సంస్థ యూఎస్ సాకర్ 2017 ఆగస్టు నుంచి చిన్నపిల్లలకి ఇలాగే ఆడించాలని రూల్ పెట్టింది. అండర్-8 వరకు నలుగురు, అండర్-10కి ఏడుగురు, అండర్-12కి తొమ్మిది మంది, ఆ తర్వాతే పదకొండు. తలతో బంతి కొట్టడం కూడా ఈ వయసులో నిషేధం, ఆ ఒక్క రూల్‌తో నా సగం టెన్షన్ పోయింది.

అంతకుముందు వేసవిలో వేరే క్యాంప్‌కి పంపాం. అక్కడ ఇటు పదిమందిని, అటు పదిమందిని పెద్ద గ్రౌండ్‌లో వదిలేసేవాళ్లు. మా పాప నెమ్మదస్తురాలు, గట్టిగా పరిగెత్తే ముగ్గురు నలుగురు బంతి పట్టుకుపోతుంటే ఓ మూల నిలబడి గడ్డి పీకుతూ ఉండేది. ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను, గంటలో రెండంటే రెండుసార్లు తగిలింది బంతి. ఇక్కడ రెండో మ్యాచ్‌లో ఒక్క పది నిమిషాల క్వార్టర్‌లోనే పదకొండుసార్లు తగిలింది, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసి ఆట చూశాను. నలుగురే ఉంటే ఏ మూల నిలబడ్డా బంతి కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది, వచ్చాక ఏదో ఒకటి చేయక తప్పదు.

మొదట్లో బెల్లం చుట్టూ ఈగలు ముసిరినట్టు అందరూ బంతి మీదే పడేవాళ్లు. అయిదో వారం అనుకుంటా, బంతి లైన్ దాటి బయటికి పోయింది. ఈ వయసు వాళ్లకి త్రో-ఇన్ ఉండదు, లైన్ మీద బంతి పెట్టి కాలితోనే లోపలికి తన్నాలి, అవతలి టీమ్ 10 అడుగుల దూరంలో ఉండాలి. మా పాప బంతి పెట్టింది, కుడి కాలి సాక్ జారిపోయి కాలి ముందు ఎముకకి దెబ్బ తగలకుండా పెట్టే షిన్ గార్డ్ బయటికొచ్చేసి ఉంది, తన్నబోయి ఆగి తల ఎత్తి చూసింది. గుంపులో కలవకుండా పక్కన నిలబడ్డ ఇంకో పిల్ల కనిపించింది, మెల్లగా ఆ పిల్ల కాళ్ల దగ్గరికి తోసింది. గోల్ కాలేదు, బంతి పక్కనుంచి పోయింది. అయినా మామయ్యగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు, నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక ఫిర్యాదులు. కోచ్‌లందరూ వాలంటీర్ పేరెంట్సే, మంచి మనుషులే, కానీ లీగ్ వాళ్లు జెర్సీల సంచీ చేతిలో పెట్టి పంపారు తప్ప ఏం నేర్పాలో చెప్పలేదు. మా కోచ్ మొదటి నెలంతా ఏడుగురిని ఒకే వరుసలో నిలబెట్టి కోన్‌ల మధ్య ఒక్కొక్కరినీ పంపేవాడు. మ్యాచ్‌లో నలుగురిని పెట్టి, ప్రాక్టీస్‌లో ఇలా క్యూలో నిలబెడితే ఏం లాభం? మా వారు వెళ్లి "ముగ్గురు ముగ్గురిగా చిన్న ఆటలు ఆడిద్దామా?" అని అడిగాక మారింది. ఇంకోటి, సెప్టెంబర్ ఎండలో పదకొండు గంటల మ్యాచ్‌లు, నీడ అనేదే లేదు. మ్యాచ్ రద్దయిందని మెయిల్ రాత్రి పదికి వస్తుంది.

అయినా చేర్పించమనే చెప్తాను, ముఖ్యంగా మీ పిల్లలు జంకుతూ వెనక నిలబడే రకమైతే. ఫీజు నూటపది డాలర్లు, జెర్సీ అందులోనే, షిన్ గార్డ్స్ మనమే కొనుక్కోవాలి. స్ప్రింగ్‌కి మేం మళ్లీ కట్టేశాం. ఈసారి అసిస్టెంట్ కోచ్‌గా మా వారు పేరిచ్చారు, మడత పెట్టే చిన్న గోల్స్ రెండు జతలు అప్పుడే గ్యారేజ్‌లోకి వచ్చేశాయి.