సూళ్లూరుపేటలో తాళం వేసిన గేటు, శ్రీహరికోట రోడ్డులో ఫ్లెమింగోలు

సూళ్లూరుపేటలో పక్షుల ఫొటోల కోసం లాడ్జి తీసుకునేవాళ్లు గది తర్వాత చూసుకోండి, ముందు గేటు చూడండి. తెల్లవారుజామున 5 గంటలకు ఆ తాళం ఎవరు తీస్తారో అడగండి. మేం అడిగాం. "ఎప్పుడంటే అప్పుడు తీస్తాం సార్" అని ఏసీ గదికి 1,600 కట్టించుకున్నారు. తీరా 5.15కి దిగితే షటర్ దించేసి ఉంది. వాచ్‌మన్ నంబరుకు చేస్తే ఫోను మా పక్కనే గల్లా బల్ల మీద మోగుతోంది, ఆయనేమో మిద్దె మీద నిద్ర. తాళం వచ్చేసరికి 6 దాటింది. జనవరిలో ఇక్కడ 6.35 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. మా బావ కారెక్కాక నోరు విప్పితే ఒట్టు.

ఏసీ ఇంకో దెబ్బ కూడా కొట్టింది. రాత్రంతా చల్లబడిన లెన్స్‌ను చెరువు గాలిలో బయటికి తీయగానే అద్దం మీద మంచు పట్టేసింది. తుడిస్తే మళ్లీ పడుతుంది. అద్దం బయటి వేడికి వచ్చేదాకా, అంటే ఇరవై నిమిషాలు, చేతులు కట్టుకుని కూర్చోవడమే. బ్యాగును ఏసీ లేని చోట, బాత్రూమ్‌లోనో వరండాలోనో, పెట్టి పడుకుంటే ఈ బాధ లేదు. చెన్నైలో రోజుకు 1,500 అద్దెకు తెచ్చిన, దూరాన్ని దగ్గరగా చూపే 150-600 ఎంఎం లెన్స్ అది. బావ లెక్క ప్రకారం ఆ ఇరవై నిమిషాల అద్దె దండగ.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దాకా సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు, చాలా దూరం పులికాట్ సరస్సు మధ్యలోంచే. ఆటో వద్దు, కారే మాట్లాడుకోండి. మాకు పూట బాడుగ 1,300 అయింది. పక్షులు కారుకు బెదరవు, కారు దిగిన మనిషికి బెదురుతాయి. ఇంజను ముందే ఆపించి బండిని దొర్లనివ్వాలి. ఇంజను ఆడుతుంటే ఆ వణుకు ఫొటోలో కనిపిస్తుంది. కిటికీ అంచున లెన్స్ ఆనించడానికి గుడ్డ సంచిలో కిలోన్నర శనగలు పోసి మూతి కుట్టేస్తే చాలు, ట్రైపాడ్ అక్కర్లేదు. షార్ (రాకెట్ కేంద్రం) గేటు ఛాయలకు వెళ్లే ముందే కెమెరా సంచిలో పెట్టేయండి.

మొదటి రోజు ఫొటోల్లో పన్నెండింటిని ఆ రాత్రే నెల్లూరులో ఉండే మా సీనియర్ ఒకాయనకు పంపాం. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, ఈకల నాణ్యత తెలియదు. డాక్యుమెంట్‌గా పంపాలి, కత్తిరించిన దానితో పాటు అసలుదీ పంపాలి. "ఎలా ఉన్నాయి" అనడిగితే బాగున్నాయనే అంటారు. "ఏవి తీసెయ్యాలి, ఎందుకు" అని అడగాలి. ఆయన తొమ్మిది తీసేశాడు.

మొదటి తప్పు వెలుగు. రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది, చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మేం దక్షిణం వైపు గుంపు పెద్దదని అటే తీశాం, అన్నీ నల్లటి బొమ్మలయ్యాయి. ఉత్తరం వైపు పది పక్షులే ఉన్నా అటే తీయమన్నాడు. రెండోది, 9 తర్వాత దూరంగా ఉన్నవాటిని తీసినవి. ఎండకు బురద మీద గాలి మరిగి ముక్కు, కాళ్లు వంకర్లు పోయాయి. అది ఫోకస్ తప్పు కాదు, ఎంత ఖరీదు లెన్సూ దాన్ని దాటలేదు. పొద్దెక్కాక దగ్గరి పక్షులనే తీయాలి. ఇంకా, నీటిలో నీడ సగానికి తెగింది, మెడ అటు తిరిగి ఉంది. ఫ్లెమింగో తల మన వైపు కొద్దిగా తిరిగేదాకా షటర్ నొక్కకండి.

మర్నాడు బస్టాండు దగ్గర 900కి ఏసీ లేని గదికి మారాం. ఆ ఇంటి ముసలమ్మ నాలుగున్నరకే ముగ్గు వేయడానికి గేటు తీస్తుంది. 6.20కల్లా ఉత్తరం అంచున ఉన్నాం. షటర్ వేగం ఎగిరేవాటికి సెకనులో 2,500వ వంతు, నిలబడ్డవాటికి 800వ వంతు, ఐఎస్ఓ (వెలుగును కెమెరా పట్టే స్థాయి) ఆటోలో 3,200 దాకా. ఆ పూట పంపిన పన్నెండింటిలో ఏడు నిలిచాయి. టిఫిన్ దగ్గర బావ రెండు కారం దోశలు, 100 రూపాయలవి, తిని లెన్స్ అద్దె ఇంకో రోజు పొడిగిద్దామన్నాడు.

నేలపట్టు పక్షుల కేంద్రం అరగంట ప్రయాణం. నీటి కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు చూడటానికి అద్భుతం, ఫొటోలకు అంత కాదు. టవర్ మీంచి అన్నీ పైనుంచి చూసినట్టే వస్తాయి. ముదురాకుపచ్చ ఆకుల ముందు తెల్లటి పక్షి కాబట్టి కెమెరా వెలుగు ఎక్కువ లాగి ఈకలను సున్నంలా చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను మైనస్ 1 దాకా తగ్గించి హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) చూసుకోండి. కాలిపోయిన తెలుపు తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తిరిగి రాదు. సాయంత్రం నాలుగున్నర తర్వాత మేత నుంచి తిరిగొచ్చేవాటిని తీస్తే మేలు. తల్లి గూడు మీంచి లేచి నిలబడిన ఫొటో ఒకటి పంపితే మా సీనియర్ దాని గురించి ఒక్క మాటా చెప్పలేదు, "ఎంత దగ్గరికి వెళ్లారు?" అని మాత్రం అడిగాడు. తల్లి లేస్తే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. ఆ ఫొటో తీసేశాం.