మాస్ట్ పైనుంచి వైర్‌లెస్ గాలి కబురు: కొన్నేళ్ల వాడకం తర్వాత

తెరచాప పడవ మాస్ట్ (చాపను నిలబెట్టే స్తంభం) కొసన ఉండి, గాలి వేగం, దిశ రేడియో సిగ్నల్‌తో కిందున్న స్క్రీన్‌కు పంపే వైర్‌లెస్ గాలి మీటరు కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది రీడింగ్ ఎంత కచ్చితంగా ఉంటుందని. రెండు యూనిట్లను ఏళ్ల తరబడి వాడాక నేను ముందుగా అడిగే ప్రశ్న వేరు. సిగ్నల్ తెగినప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది? అంకెల చోట గీతలు పడితే దాన్ని నమ్మొచ్చు. ఆఖరి అంకె అలాగే నిలిచిపోతే, మిగతావన్నీ ఎంత బాగున్నా నాకొద్దు.

మొదటి యూనిట్ అల్ట్రాసోనిక్ రకం. తిరిగే కప్పులు, ఊగే తోక ఏవీ ఉండవు. ట్రాన్స్‌డ్యూసర్లు అనే, శబ్దాన్ని పంపి అందుకునే చిన్న చిన్న భాగాలు ఒకదానికొకటి శబ్దం పంపుకుంటాయి. గాలి తోడుంటే ఆ శబ్దం త్వరగా చేరుతుంది, ఎదురైతే ఆలస్యమవుతుంది. ఆ తేడాతో వేగం, దిశ లెక్కగడుతుంది. అరిగిపోయే భాగం లేదు కాబట్టి మంచిదే అనిపించింది, చాలావరకు మంచిగానే పనిచేసింది కూడా. జోరువానలో అంకెలు కాసేపు పిచ్చిగా ఎగిరేవి, సాలీడు గూడు కట్టినా అంతే. వాటితో సర్దుకుపోవచ్చు.

సర్దుకుపోలేనిది ఇంకోటి ఉంది. ఒక రాత్రి వెనకగాలికి పోతున్నాం. స్క్రీన్ మీద 11.8 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు). చుక్కాని బరువెక్కుతోంది, అల మీదనుంచి జారినప్పుడల్లా పడవ ఒక పక్కకి తిరగబోతోంది, మెడ వెనక గాలి గట్టిగా కొడుతోంది. అంకె మాత్రం 11.8 దగ్గరే ఉంది, పదో వంతు కూడా కదల్లేదు. అసలు గాలి అంత నిలకడగా ఎప్పుడూ ఉండదు. అనుమానం వచ్చి ముందు తెరచాప కుదించాం, తర్వాత కింద సిగ్నల్ అందుకునే రిసీవర్ ఆపి మళ్లీ ఆన్ చేశాం. 19 చూపించింది. తయారీదారుకు రాస్తే రిసీవర్‌ను వేరే చోట పెట్టమన్నారు, పెట్టాం. సిగ్నల్ తెగడం తగ్గింది. తెగినప్పుడు పాత అంకె నిలిచిపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది.

దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీటరు చూపించేది పడవ మీద తగిలే గాలిని. అసలు గాలి 15 నాట్లు ఉండి, పడవ 6 నాట్లతో సరిగ్గా గాలివాటున పోతుంటే మనకు తగిలేది 9 నాట్లే. అదే వేగంతో 45 డిగ్రీల కోణంలో గాలికి ఎదురు తిరిగితే దాదాపు 20 నాట్లు తగులుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి చాప మీద పడే భారం దాదాపు ఐదు రెట్లు. చాప కుదించాలా వద్దా అని తేల్చుకునేది ఆ అంకె చూసే. పైగా చుక్కానిని తనంతట తానే నడిపే ఆటోపైలట్‌ను గాలి కోణం ప్రకారం నడవమని పెడితే, అది పాత కోణాన్నే నమ్ముకుని నడుపుతుంది. ఈలోగా గాలి దిశ మారిందంటే బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర) ఒక్కసారిగా అటు నుంచి ఇటు కొట్టేస్తుంది. ఆ దారిలో ఎవరి తల ఉన్నా అంతే సంగతులు.

అందుకే రెండో యూనిట్ తీసుకునేముందు ఒక పరీక్ష పెట్టాను. రేవులోనే సెన్సర్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి సిగ్నల్ ఆపేసి, స్క్రీన్ వైపు చూస్తూ కూర్చోవడం. కొన్ని సెకన్లలో గీతలు పడ్డాయి, అలారం మోగింది. ఫాయిల్ తీయగానే తనంతట తానే మళ్లీ కలిసింది, ఏ బటనూ నొక్కాల్సిన పని రాలేదు. నాకు కావాల్సింది ఇదే. కొనేవాళ్లెవరైనా మాస్ట్ మీదకి ఎక్కించకముందే ఈ పని చేయండి. ఎక్కించాక చేయాలంటే బోసన్ చైర్‌లో (మాస్ట్ పైకి తాడుతో లాగే కూర్చునే పలకలో) వేలాడుతూ చేయాలి.

రేడియో విషయానికొస్తే, 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేవి ఉన్నాయి, బీ అండ్ జీ వాళ్ల డబ్ల్యూఎస్320 లాంటివి. టాక్‌టిక్ పేరుతో మొదలై తర్వాత రేమెరిన్ చేతికొచ్చిన మైక్రోనెట్ రకం ప్రాంతాన్ని బట్టి 868 లేదా 916 మెగాహెర్ట్జ్ వాడుతుంది. పడవలోని వైఫై, బ్లూటూత్ కూడా 2.4 మీదే కాబట్టి అక్కడ రద్దీ ఎక్కువ. తడిసిన చాప కూడా ఆ సిగ్నల్‌ను ఎక్కువగా మింగేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీకి ఆ బాధ తక్కువ. ఏది కొన్నా రిసీవర్ ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. అల్యూమినియమైనా కార్బనైనా మాస్ట్ సిగ్నల్‌కు అడ్డమే. సెన్సర్ కాడ ముందుకు చాచి ఉంటే, మాస్ట్ మొదట్లో వెనకపక్క పెట్టిన రిసీవర్‌కు అది కనపడదు. మాది పడవ వెనక రెయిలింగ్ దగ్గరికి మార్చాకే నిలకడ వచ్చింది.

బ్యాటరీ గురించి ప్రకటనలు చెప్పనిది ఒకటుంది. సోలార్ పలక ఉంది కదా అని, వాడని నెలల్లో యూనిట్‌ను చీకటి షెడ్డులో వదిలేస్తే బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. లిథియం బ్యాటరీని అలా వదిలేస్తే మళ్లీ కోలుకోకపోవచ్చు. మన చేత్తో మార్చుకోగలిగే బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. సీలు వేసినదైతే ఆ కొన్ని గ్రాముల బ్యాటరీ కోసం మొత్తం యూనిటే పారేయాలి.

నా రెండో యూనిట్ కప్పుల రకం. కాబట్టి బేరింగు అరుగుతుంది, ఉప్పు పేరుకుంటుంది. కిందికి దించినప్పుడల్లా కప్పుల మీద నెమ్మదిగా ఊదుతాను. చిన్న ఊపిరికే కదలాలి, ఆగేటప్పుడు మెల్లగా ఆగాలి. చటుక్కున ఆగితే లోపల ఉప్పు పట్టినట్టు. మంచినీళ్లతో కడిగి ఆరబెడితే చాలావరకు బాగవుతుంది. నూనె మాత్రం వేయను, దుమ్మును పట్టి ఉంచుతుంది.

కోణం సరిచేయడం అరగంట పని. నీరు నిలకడగా ఉన్నచోట గాలికి ఎదురుగా, ఒకసారి గాలి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి తగిలేలా, చాపలు ఒకే బిగువులో ఉంచి నడిపి చూడాలి. ఒకవైపు 28, ఇంకోవైపు 34 చూపిస్తే తేడాలో సగం, అంటే 3 డిగ్రీలు సర్దాలి. మాస్ట్ దించి ఎత్తిన ప్రతిసారీ ఇది చేయాల్సిందే.

మాస్ట్ లోపల వైర్లు ఎలాగూ మారుస్తున్నారంటే మాత్రం వైరున్న సెన్సరే పెట్టుకోండి, నా మాట అదే. ఏటా మాస్ట్ దించే పడవలకు వైర్‌లెస్ సుఖం, ఎందుకంటే మాస్ట్ మొదట్లో నీళ్లు చేరి పాడయ్యే కనెక్టర్ గొడవ ఉండదు. మా పడవ ఆ రకం కాబట్టి దీంతోనే ఉన్నాను. కరెంటు అక్కర్లేని మామూలు గాలి బాణం కూడా మాస్ట్ మీద అలాగే ఉంచాను. వచ్చేసారి మాస్ట్ దించినప్పుడు లోపల ఒక సన్నతాడు వేసి పెట్టాలనుకుంటున్నాను, ఎప్పటికైనా వైరు లాగాల్సి వస్తే పనికొస్తుంది.