నెట్‌వర్క్ సామాను: అంతా ఒకే కంపెనీదా, స్టాండర్డ్‌దా? ఏది మేలు?

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఒక బట్టల షాపుకు ఎనిమిది కెమెరాలు, ఒక రికార్డరు, వైఫై కావాలనుకుందాం. అన్నీ ఒకే కంపెనీవి కొంటే పని తొందరగా అయిపోతుంది. వైరు గుచ్చగానే కెమెరా రికార్డర్‌లో దానంతటదే కనబడుతుంది. చిక్కంతా తర్వాతే. ఒక కెమెరా పోయి, ఆ మోడల్ మార్కెట్లో లేకపోతే ఆ కంపెనీ చెప్పిన రేటే రేటు.

ఇందుకే 2008లో యాక్సిస్, బాష్, సోనీ కంపెనీలు కలిసి, ఏ కంపెనీ కెమెరా అయినా ఏ రికార్డరుతోనైనా మాట్లాడేలా అందరూ ఒప్పుకునే పద్ధతి, అంటే ఆన్‌విఫ్ అనే స్టాండర్డ్ మొదలుపెట్టాయి. ఆన్‌విఫ్ గుర్తు వేసిన కెమెరాను వేరే కంపెనీ రికార్డరుకు కలిపినా బొమ్మ వస్తుంది. కానీ మనిషినీ కుక్కనూ వేరుచేసి అలారం ఇచ్చే తెలివితేటలు చాలాసార్లు రావు. స్టాండర్డ్ అంటే అందరూ ఒప్పుకున్నంత మేరకే మరి.

కరెంటు విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. నెట్ వైరులోనే కరెంటు పంపే పీఓఈకి 2003లో 802.3ఏఎఫ్ అనే స్టాండర్డ్ వచ్చింది. దాని ప్రకారం చేసిన స్విచ్ (నెట్ వైర్లన్నీ గుచ్చే పెట్టె) ముందు చిన్న వోల్టేజీ పంపి, అవతల 25 కిలో ఓమ్‌ల నిరోధం ఉందా అని చూస్తుంది. ఉంటేనే అసలు కరెంటు వదులుతుంది, పోర్టుకు 15.4 వాట్ల దాకా. చవగ్గా దొరికే 'పాసివ్' రకం ఇదేమీ అడగదు. అవతల ఏముందో చూడకుండా 24 వోల్టులో 48 వోల్టులో పంపేస్తుంది. పొరపాటున దానికి తట్టుకోలేని పరికరం తగిలిస్తే కాలిపోవచ్చు.

అలాగని స్టాండర్డ్ దేవుడేం కాదు. నెట్ వైరు ప్లగ్గులో రంగుల వరసకే ఏ అని, బి అని రెండు పద్ధతులిచ్చారు! రెండు కొసలా ఒకటే ఉంటే చాలు గానీ, ఒక్కటే పెట్టి ఉంటే ఏం పోయేదో. ఆలస్యం ఇంకో జబ్బు. 802.11ఎన్ వైఫై 2009లో ఖరారయ్యేలోపే, ముసాయిదా చూసి చేసిన రౌటర్లు అమ్ముడుపోయాయి.

అన్నిటికంటే ఇబ్బంది, ఒకసారి పాతుకుపోయింది కదలకపోవడం. నెట్‌లో పరికరాలకు అడ్రసులిచ్చే 1981 నాటి పద్ధతి ఐపీవీ4లో ఉన్నవి సుమారు 430 కోట్ల అడ్రసులే. 1998లోనే ఎక్కువ అడ్రసులున్న ఐపీవీ6 వచ్చినా పాతది ఇంకా పోలేదు. అడ్రసులు చాలక నెట్ ఇచ్చేవాళ్లు చాలామంది కస్టమర్లను ఒకే అడ్రసు వెనక పెడతారు. అలాంటి కనెక్షన్‌లో తాడిపత్రిలో కూర్చుని అనంతపురం షాపు కెమెరా ఐపీవీ4 మీద నేరుగా చూడటం కుదరదు. కంపెనీ సర్వరు మీదుగా వెళ్లే యాప్‌లో అయితే కనబడుతుంది. స్టాండర్డ్ చేతులెత్తేసిన చోట మళ్లీ కంపెనీ కాళ్లే పట్టుకున్నట్టు!

ఆ షాపుకైతే నేను వైరు, స్విచ్, కెమెరా స్టాండర్డ్‌వే పెట్టమంటాను. యాప్ రికార్డరు కంపెనీదైనా ఫర్వాలేదు, రేపు నచ్చకపోతే ఆ ఒక్క పెట్టె మారిస్తే సరి, గోడల్లో వైర్లు పీకే పని ఉండదు. స్విచ్ కొనేటప్పుడు డబ్బా మీద ఉత్త 'పీఓఈ' అనుంటే ఆగండి. 802.3ఏఎఫ్ అని గానీ, దాని తర్వాత వచ్చిన 802.3ఏటీ అని గానీ ఉన్నదే బిల్లు వేయించుకోండి.